నకిలీ మచ్లీ

అమ్మీ బట్టల పెట్టె అడుగున ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంటుంది. అందులో మా నానా కాంటాలున్నాయి. మన ఇళ్లల్లో కాంటా అంటే గొంతులో గుచ్చుకునే చేప ముల్లూ అదే, చేపను పట్టే గాలమూ అదే. నానా ఇంతెకాల్ అయ్యాక వాటిని ఎవరూ వాడలేదు, ఎవరూ పారెయ్యలేదు. తుప్పు పట్టి ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. ఒక్కటి మాత్రం విడిగా గుడ్డ ముక్కలో చుట్టి ఉంటుంది. చూపుడు వేలంత జీలుగు బెండు. చేపలాగా చెక్కి, చుట్టూ సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం అంటించి, తోక దగ్గర తెల్ల కోడి ఈక కట్టి, పొట్ట కింద కాంటా దిగేశారు. కళ్ళ చోట రెండు నల్ల చుక్కలు. చిన్నప్పుడు అది నాకోసం చేసిన బొమ్మ అనుకుని ఏడ్చి మరీ అడిగాను. నానా ఇవ్వలేదు. "యే ఖిలౌనా నై బేటా, ధోకా హై" అన్నారు. బొమ్మ కాదు, మోసం అని.

ఆ నకిలీ చేపను నానాయే ఈజాద్ చేశారని మా ఖాందాన్‌లో అందరి నమ్మకం. అమ్మీ ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో ఫఖ్ర్ వినపడుతుంది. నేనూ చాలామందికి చెప్పాను. జర్నలిస్టుని, ఒక మాట రాసేముందు ఇద్దర్ని అడిగి రాసేవాణ్ణి. ఇంట్లో మాటకు మాత్రం గవాహీ అడగలేదు.

మొన్న సెలవులకు మా భాంజా అమెరికా నుంచి వచ్చాడు. మిన్నెసోటాలో ఉద్యోగం. అక్కడ సరస్సులు ఎక్కువ, చేపల షికార్ ఎక్కువ, లైసెన్సు తీసుకుని పట్టాలి. వాడు సూట్‌కేసులోంచి ఒక ప్లాస్టిక్ పెట్టె తీశాడు. అరలు అరలుగా, అత్తరు సీసాల దుకాణంలా ఉంది. ఒక్కో అరలో ఒక్కో బొమ్మ చేప.

"మామూ, ఇది జెర్క్‌బెయిట్. ఇది స్విమ్‌బెయిట్. వీటితో వాలై పడతాం, బాస్ పడతాం."

నేను లోపలికెళ్ళి గుడ్డ ముక్క విప్పి, నానా బెండు చేపను వాటి పక్కన పెట్టాను. వాడు చాలాసేపు చూశాడు. "ఇది ఎక్కడ కొన్నారు మామూ?" అన్నాడు.

జెర్క్‌బెయిట్ అంటే గట్టి చేప. మూతి కింద చిన్న నాలుకలాంటి రేకు ఉంటుంది. నీళ్లలో లాగితే ఆ రేకు తలను కిందికి దించుతుంది, ఒళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటుంది. కర్రతో రెండు జటకాలిచ్చి ఆపాలి. ఆపటంలోనే హునర్ అంతా. దెబ్బ తగిలిన చిన్న చేప నాలుగుసార్లు ఎగిరి అలిసిపోయినట్టు, అది నీళ్ల నడిమధ్య వేలాడుతుంది. వెనకాల పొంచి వచ్చే పెద్ద చేప ఆ ఆగిన క్షణంలోనే నోరు వేస్తుంది. ఆత్రపడి మళ్ళీ లాగినవాడికి ఏమీ దొరకదు. సబ్ర్ కావాలి. స్విమ్‌బెయిట్ అలా కాదు. మెత్తటి రబ్బరు చేప, తోక చివర చదునుగా చిన్న పలక. జటకాలక్కర్లేదు, నిదానంగా దారం చుడుతుంటే తోక తనంతట తాను ఊగుతుంది. ఈసారి చేప కడిగేటప్పుడు చూడండి, పక్కన మొప్ప నుంచి తోకదాకా ఒక గీత కనిపిస్తుంది. నీళ్లలో వచ్చే కదలికను చేప ఆ గీతతో పసిగడుతుంది. రబ్బరు తోక చేసేది ఆ గీతను మోసం చెయ్యటమే.

వాలై అనే చేప మిన్నెసోటా రాష్ట్ర చేప. పేరు దాని కంటి మీదే వచ్చింది. కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, పిల్లి కంట్లో ఉన్నట్టు. మసక వెలుతురులో, కలక నీళ్లలో అది చూడగలదు, దాని ఎర అంత బాగా చూడలేదు. అందుకే షికార్ తెల్లవారుజామున, మగ్రిబ్ వేళ. భాంజా ఇది చెబుతుంటే నాకు పండుగప్ప గుర్తొచ్చింది. రాత్రి టార్చి వేస్తే నీళ్లలో దాని కన్ను ఎర్రగా నిప్పుకణంలా వెలుగుతుంది. బాస్ అనే పేరు ఒకదానికొకటి సంబంధం లేని చేపలు ఎన్నిటికో పెట్టారు. అమెరికా చెరువుల బాస్ వేరే ఖాందాన్. మన ఉప్పుటేరుల్లో తిరిగే పండుగప్పను ఇంగ్లీషు పుస్తకాలు ఆసియా సీబాస్ అంటాయి. ఆస్ట్రేలియావాళ్ళకి అదే బారాముండి. స్వభావం మాత్రం ఒక్కటే. వెంటపడి వేటాడదు. రాయి పక్కనో, మడ వేళ్ల కిందో నిలబడి, దగ్గరికొచ్చినదాన్ని నీళ్లతో సహా లోపలికి పీల్చేస్తుంది.

"అయితే రేపు ఫజర్ తర్వాత గిలకలదిండి పోదాం" అన్నాడు భాంజా.

పోయేముందు ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

ఉర్దూ మీడియంలో చదువుకున్నప్పుడు తారీఖ్ అంటే చరిత్ర. తెలుగు డిగ్రీకి వచ్చాక తారీఖు అంటే కేలండర్‌లో తేదీ. తారీఖులున్న తారీఖ్ మా ఊరికి దండిగా ఉంది. బందర్ అంటే ఫార్సీలో రేవు, ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉన్నట్టు మాది బందరు. (ఉర్దూలో బందర్ అంటే కోతి కూడా. హైదరాబాద్ పిల్లలు మమ్మల్ని ఏమని ఏడిపించేవాళ్ళో మీరు ఊహించుకోవచ్చు.) గోల్కొండ కుతుబ్‌షాహీలకు సముద్రం వైపు పెద్ద దర్వాజా ఇదే. పదహారో శతాబ్దం చివరికే ఇక్కణ్ణుంచి జహాజులు ఎర్రసముద్రం వైపు, జెద్దా రేవుకు పోయేవి. 1605 నుంచి డచ్చివాళ్ళు, 1611లో గ్లోబ్ అనే జహాజులో ఇంగ్లీషువాళ్ళు, ఆ తర్వాత ఫ్రెంచివాళ్ళు. 1759లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి కోట గుంజుకున్నాడు. 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెనలో ముప్ఫై వేలమంది దాకా పోయారు. ఇవన్నీ రాసి ఉన్నాయి. కలంకారీ ఎన్ని మూటలు, ఏ రంగు, ఏ ధర అన్నది కంపెనీల చిట్టాల్లో ఉంది.

ఇక్కడ ఒడ్డున లోతు తక్కువ. పెద్ద జహాజులు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. మీర్ జుమ్లా సరుకైనా, హజ్‌కి పోయే ముసాఫిర్ అయినా, గవర్నర్ దొరైనా ఒడ్డుకీ జహాజుకీ మధ్య చిన్న పడవల్లోనే దాటాలి. ఆ పడవలు ఎవరు నడిపారు? గాలి ఎటు తిరుగుతుందో, మొగ ఎక్కడ పూడిందో తెలిసినవాళ్ళు, అంటే చేపలు పట్టేవాళ్ళే. దొరల పేర్లు, సౌదాగర్ల పేర్లు, దుబాసీల పేర్లు చదివాను. పడవవాడి పేరు నేను చదివినంతలో ఒక్కటీ తగల్లేదు.

ఊరి పేరులోనే మచ్లీ ఉంది కదా అంటారు. ఊరి దర్వాజాకి పెద్ద చేప కన్ను అలంకరించారనీ, అందుకే మచ్లీపట్నం అయ్యిందనీ మా బడిలో ఉస్తాద్‌లు చెప్పేవారు. బాగుంటుంది ఖిస్సా. కానీ ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్ ఈ తీరాన్ని మసాలియా అంది. రెండో శతాబ్దంలో టాలెమీ మైసోలియా అన్నాడు. గోల్కొండ తఖ్త్ పుట్టటానికి వెయ్యేళ్లకు పైనే ముందు సంగతి. ఆ పాత మాటే మసూలా అయ్యి, మన చెవిన పడి మచ్లీగా మారి ఉండొచ్చు. అంటే మా ఊరి పేరులో ఈదుతున్న చేప కూడా నకిలీదే కావొచ్చు. నాకిందులో రంజ్ ఏమీ లేదు. మన జుబాన్ ఒక ఊరి పేరును సొంతం చేసుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది.

చేపలు పట్టేవాళ్ళ మాటను కాగితం మీద పెట్టిన మనిషి కోసం వెతికితే, నాకు బందర్లో కాదు, విశాఖపట్నంలో దొరికాడు. పేరు పాట్రిక్ రస్సెల్, డాక్టర్. హిందూస్తాన్ రాకముందు హలబ్‌లో, అదే సిరియాలోని అలెప్పోలో, ఏళ్ల తరబడి వైద్యం చేశాడు. ప్లేగు మీద పెద్ద కితాబ్ కూడా అతనిదే. 1781లో విశాఖపట్నంలో అధికారిగా ఉన్న తమ్ముడి వెంట వచ్చి, ఇక్కడి పాములూ చేపలూ చూసి ఆగలేకపోయాడు. రక్తపింజరకు ఇంగ్లీషులో ఇప్పటికీ అతని పేరే. పల్లెకారులు ఒడ్డుకు తెచ్చిన చేపల్లోంచి రెండువందల రకాలు బొమ్మలు వేయించాడు. 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. అందులో నాకు నచ్చింది ఒకటే. చేప బొమ్మల కింద శీర్షికలుగా లాటిన్ పేర్లు కాకుండా, పల్లెకారులు చెప్పిన తెలుగు పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో వంకరటింకరగా పెట్టాడు. మొట్టమొదటి బొమ్మ తిమిరి. ముట్టుకుంటే చేతికి కరెంటు కొట్టి తిమ్మిరెక్కించే చేప. దాని పక్కన నల్ల తిమిరి. ఇంకా ముందుకెళ్తే పండుమేను. కొరమేనులో ఉన్న మేనే అది. మనం పండుగప్ప అంటున్నది దాన్నే.

దానికి అంతకు ముందే, 1790లో, బెర్లిన్‌లో బ్లాక్ అనే ఇంకో డాక్టర్ శాస్త్రం పేరు పెట్టాడు, కాల్కరిఫెర్ అని. ఆరె కట్టుకున్నది అని అర్థం, గుర్రపు రౌతు మడమకు కట్టుకునే ముల్లు ఉంటుందే, అది. మొప్ప మూత మీద ఉండే ముల్లును చూసి పెట్టాడు. అయితే అతను చేప జపాన్‌ది అని రాశాడు. ఆ పతా తప్పు అని తర్వాతి విద్వాంసులు తేల్చారు. బెర్లిన్ కితాబ్‌లో తప్పు పతాతో ఉన్న చేప, విశాఖ పల్లెకారు నోట్లో సరైన పేరుతో ఉంది. నా వృత్తిలో దీన్ని ఫీల్డుకి వెళ్లటం అంటాం.

నకిలీ ఎర సంగతికొస్తాను. "ఇది కూడా మనవాళ్ళే ముందు కనిపెట్టారు" అని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుందని తెలుసు. రాయను. రెండో శతాబ్దపు చివర్లో పుట్టిన ఈలియన్ కితాబ్‌లోనే మాసిడోనియా మనుషులు కాంటాకు ఎర్ర ఉన్ని, కోడి ఈకలు కట్టి పురుగులా నమ్మించి చేపలు పట్టటం ఉంది. మన దక్కన్‌లో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో మానసోల్లాసంలో మత్స్యవినోదం అని చేపల వేటకే ఒక భాగం కేటాయించాడు. ఏ చేపకు ఏ తిండి ఎర అన్నది రాజుగారు ఓపిగ్గా రాయించారు. అది తినే ఎర. 1873లో మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ ది రాడ్ ఇన్ ఇండియా రాశాక, గిలక బిగించిన కర్ర, మెరిసే స్పూను దొరల బంగ్లాల్లో ఫ్యాషన్ అయ్యింది. వాళ్ళ గురి కొండ నదుల్లో మహసీర్ మీద.

భాంజా పెట్టెలో ఉన్న జెర్క్‌బెయిట్‌ల పుట్టుక మాత్రం ఫిన్లాండ్‌లో. లౌరి రపాలా అనే పేదవాడు. చేపలు పట్టి బతికేవాడు. సరస్సులో పెద్ద చేపలు చిన్న చేపల గుంపులోకి దూరినప్పుడు, సరిగ్గా ఈదలేక కుంటుతున్నదాన్నే ఎంచుకుంటున్నాయని గమనించాడు. 1936లో బెండు ముక్క తీసుకుని చెప్పులు కుట్టేవాళ్ళ కత్తితో చెక్కాడు. చాక్లెట్ల మీద చుట్టే వెండి కాగితం అంటించాడు. పూత కొనే డబ్బు లేక, పాత ఫొటో నెగెటివ్‌లు కరిగించి పైన పూశాడు. నీళ్లలో లాగితే అది కుంటుతూ ఈదింది. 1960 నాటికి మిన్నెసోటా ఇద్దరు వ్యాపారుల చేతుల్లో పడి అమెరికాకు వెళ్ళింది. 1962లో లైఫ్ పత్రిక దాని గురించి రాసింది, ఆ సంచిక అట్ట మీద మార్లిన్ మన్రో. తర్వాత లక్షల్లో అమ్ముడయ్యింది.

బెండు, వెండి కాగితం. మళ్ళీ ఒకసారి నానా డబ్బా వైపు చూశాను. నానా ఫిన్లాండ్ పేరు విని ఉండరు. రపాలాకి గిలకలదిండి తెలిసే దారి లేదు. ఆకలి ఉన్నచోట, చేపను రోజూ చూసే కన్ను ఉన్నచోట ఇది ఎవరికైనా తట్టే ఆలోచన. కాకపోతే, ఒకటి దుకాణంలోకి వెళ్ళింది, ఒకటి బట్టల పెట్టె అడుక్కి.

నానా కలంకారీ కార్ఖానాలో పని చేసేవారు. అద్దకం అయిన బట్టను ఉడకబెట్టి, కాలవలో జాడించి, గడ్డి మీద ఆరేసే పని. రోజంతా నీళ్లలో నిలబడి ఉండటంతో కాళ్ల వేళ్ల సందులు ఎప్పుడూ తెల్లగా పాసిపోయి ఉండేవట. జుమ్మా నమాజు అయ్యాక సైకిలు మీద గిలకలదిండి. అక్కడ ఒక పల్లెకారు దోస్త్. ఇద్దరూ ఒక్క వయసువాళ్ళు. నానాకి ఈత రాదు, ఆయనకి ఉర్దూ రాదు. అమ్మీకి తెలిసింది ఇంతే.

ఆ దోస్త్ తమ్ముడు ఇంకా ఉన్నాడు. డెబ్బై దాటాయి. నేను బాబాయ్ అని పిలుస్తాను. తెల్లారి మేము వెళ్ళేసరికి హార్బరు పక్కన వల అల్లుతూ కూర్చుని ఉన్నాడు. మరబోట్లు రేవులో బారుగా ఆగి ఉన్నాయి, డీజిలు వాసన, ఐసు మరలో గడ్డలు నలుగుతున్న చప్పుడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట బంద్. మిగతా కాలమంతా ఇదే హడావిడి. మేము హార్బరు దాటి, ఉప్పుటేరు వంపు తిరిగి మడ మొదలయ్యే చోటికి వెళ్ళాం. బాబాయ్ కూడా వచ్చాడు, ఈ గిలక కర్ర పని చూడాలని.

భాంజా రెండు గంటలు విసిరాడు. రకరకాల చేపలు మార్చాడు. ఏమీ లేదు. బాబాయ్ బీడీ కాల్చుకుంటూ చూస్తున్నాడు.

"బాబూ, పోటు మీదుంది. నీళ్ళు పైకెక్కుతా ఉంటే పండుగప్ప మడలోకి పోద్ది. ఆటు రానీ. చిన్న కాలవల్లోంచి నీళ్ళు దిగేటప్పుడు కొయ్యింగ పిల్లలు కొట్టుకొస్తాయి. కాలవ నోటికాడ కాసుకుని ఉంటదది."

ఆటు తిరిగింది. భాంజా చిన్న కాలవ నోటి దగ్గరికి స్విమ్‌బెయిట్ విసిరి నిదానంగా చుట్టాడు. నాలుగోసారికి నీళ్లలో 'బొళుక్' మని శబ్దం. కర్ర వంగింది. ఒకసారి గాల్లోకి లేచింది, వెండి పళ్ళెంలా. తల విదిలించింది. దారం తెగింది. పండుగప్ప మొప్ప మూత అంచు చాకులా ఉంటుంది. బెర్లిన్ డాక్టర్ ఆరె అన్నది అక్కడిదే. బాబాయ్ నవ్వాడు. "మీ తాతగారైతే కాంటా దగ్గర జానెడు ఇత్తడి తీగ కట్టేవాడు."

భాంజా లావు దారం కట్టాడు. ఈసారి కిలోకి కాస్త పైన ఉండే పిల్ల పడింది. వాడు తడి చేతులతో పట్టుకుని ఫొటో తీసుకుని, వదిలెయ్యబోయాడు. మిన్నెసోటాలో అలవాటు అట. చాలా చేపలు పట్టి వదిలేస్తారట.

బాబాయ్ బీడీ కింద పెట్టాడు. "తినకపోతే ఎందుకు పట్టినట్టు?"

నాకూ అదే అడగాలని ఉంది. జాన్ ఉన్నదాన్ని ఆటకోసం గురిపెట్టొద్దని మనం విన్నవాళ్ళం. నోట్లో కాంటా దింపి, ఫొటో తీసి, పో అనటం నా మనసుకు ఎక్కదు. కానీ భాంజా చెప్పింది కూడా తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. పండుగప్ప మొదట మగచేపగా పెరుగుతుంది. కొన్నేళ్ళు గడిచి బాగా పెద్దదయ్యాక ఆడచేపగా మారుతుంది. అంటే సంతలో మనం మురిసి కొనే ఆరు కిలోల, ఎనిమిది కిలోల చేపలు దాదాపు అన్నీ తల్లులే. అందుకే ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తూర్పు తీరాన 58 సెంటీమీటర్ల కంటే చిన్నదాన్నీ, 120 దాటినదాన్నీ నీళ్లలో వదిలెయ్యాలని కాయిదా. బాబాయ్‌కి ఈ మాట చెబితే ఏమీ ఆశ్చర్యపోలేదు. "చిన్నదాంట్లో నేనెప్పుడూ గుడ్డు చూళ్ళేదు. పెద్దదాంట్లోనే ఉంటది" అన్నాడు. యాభై ఏళ్ళు చేపలు కోసిన చేతికి అది తెలుసు, రాసుకోలేదు అంతే.

పెద్దవి ఇప్పుడు పడుతున్నాయా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. పండుగప్ప ఉప్పునీళ్లలో గుడ్డు పెట్టి, పిల్లలు ఉప్పుటేర్లలోకి, మంచినీళ్లలోకి ఎక్కి పెరుగుతాయి. పైకి వెళ్ళే దారికి బెజవాడ దగ్గర 1855లో కాటన్ దొర కాలపు ఆనకట్ట అడ్డం లేచింది. కింద మడలో ఆడుకునే చోటును 1990ల్లో రొయ్యల చెరువులు తినేశాయి. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికే చాలా మడ చెరువు గట్లయిపోయింది. రొయ్యల రైతుకి పండుగప్ప దుష్మన్, పిల్ల ఒక్కటి చెరువులో దూరితే రొయ్యలను తినేస్తుంది. ఇప్పుడు అదే రైతులు కొందరు హేచరీ పిల్లలు తెచ్చి పండుగప్పనే పెంచుతున్నారు. బందరు సంతలో మీరు కొనే పండుగప్ప చెరువుదా ఏటిదా అని ఒకసారి అడిగి చూడండి. (రొయ్య మచ్లీయా కాదా అన్న మన హనఫీ ఇళ్ల బహస్‌లోకి నేను దిగను. మా ఇంట్లో అమ్మీ వండుతుంది, అబ్బా తినరు.)

చివరికి చేప బాబాయ్ సంచీలోకి పోయింది. రిజ్క్ కదా, కాదనలేదు.

అప్పుడు గుడ్డ ముక్క విప్పి నానా బెండు చేప ఆయన చేతిలో పెట్టాను. ఇది మా నానా ఈజాద్ అని చెప్పబోయి ఆగాను. ఆయన దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఈక కట్టటం మా నాయన చూపించాడు. తెరచాప నావ ఎనకాల తెల్లగుడ్డ పేలికా, కోడి ఈకా కట్టి లాగేవాళ్ళం వంజరానికి. బెండు చెక్కింది సాయిబు గారే. ఆయన చెయ్యి నున్నన, అచ్చులు చూసిన చెయ్యి కదా." కాసేపాగి, గోటితో వెండి కాగితం నిమిరాడు. "ఈ కాగితం మా అన్నది."

నానా సిగరెట్ తాగేవారు కాదు. ఈ మాట నాకు నలభై ఏళ్లుగా తెలుసు. వెండి కాగితం ఎవరి పెట్టెలోంచి వచ్చిందని ఒక్కసారి కూడా అడుక్కోలేదు.

1977 నవంబర్‌లో ఆ అన్న దివిసీమలో చుట్టాలింటికి వెళ్ళాడు. 19వ తేదీ ఉప్పెన వచ్చింది. వేల మంది పోయారు, ఊళ్ళకి ఊళ్ళు పోయాయి. శవం దొరకలేదు. నానా సైకిలు మీద పోగలిగినంత దూరం పోయి, నడవగలిగినంత నడిచి, మూడో రోజు తిరిగొచ్చారట. ఆ ఏడాదంతా ఇంట్లో చేప వండనివ్వలేదని అమ్మీ చెప్పింది. కారణం ఆమెకి తెలీదు, అప్పటికి చిన్నపిల్ల. తర్వాత మళ్ళీ జుమ్మా జుమ్మాకి గిలకలదిండి వెళ్ళారు, ఈ తమ్ముడితో. మామూలు కాంటా, రొయ్య ఎర. బెండు చేపని మళ్ళీ నీళ్లలో వెయ్యలేదు.

"ఆ రోజు పొద్దున అన్న బయల్దేరబోయేముందు ఇద్దరూ ఇక్కడే కూర్చుని కట్టారు. ఒకటి అన్న పట్టుకెళ్ళాడు. ఇంకోటి ఇది."

భాంజా తలకి రుమాలు సవరించుకుని సముద్రం వైపు చూస్తున్నాడు. వాడికి తెలుగు పూర్తిగా అందదు. ఎంత అర్థమయ్యిందో అడగలేదు.

చిన్నప్పుడు మౌల్వీ సాబ్ సబ్త్‌వాళ్ళ ఖిస్సా చెప్పారు. సముద్రం ఒడ్డున బస్తీ, శనివారం వేట మనా, ఆ రోజే చేపలు మీదికి తేలి వచ్చేవి. వాళ్ళు హీలా పన్నారు, శనివారం ఆపి పెట్టి ఆదివారం తీసుకున్నారు. నేను ఇంటికొచ్చి నానాని నిలదీశాను, మీ ఈక చేప కూడా హీలాయే కదా అని. నానా బట్టకు గంజి పెడుతున్నారు. "వాళ్ళు మోసం చేసింది మచ్లీని కాదు బేటా" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు.

ఇంటికొచ్చి అమ్మీకి చెప్పాను, ఈక ఎవరిదో, కాగితం ఎవరిదో. ఆమె డబ్బా తెప్పించుకుని ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి, "ఆయన పేరేంటి?" అంది. నా దగ్గర నోటుపుస్తకం ఉంది, రాసుకొచ్చాను. చెప్పాను. ఆ పేరు ఇక్కడ రాయటం లేదు, వాళ్ళింట్లో అడగాలి ముందు.

మర్నాడు ఒక్కణ్ణే మళ్ళీ గిలకలదిండి వెళ్ళాను. రస్సెల్ డాక్టర్ పని మళ్ళీ మొదలెడదామని. బాబాయ్ వల అల్లుతూ చెబుతున్నాడు, నేను రాసుకుంటున్నాను: చందువ, వంజరం, మాగ, సావడాయి, కానాగంత, కవళ్ళు, గొరక, నెత్తళ్ళు, పాల సొర. తిమిరి ఉందా అని అడిగాను. "ఎందుకు లేదు, వల్లో చూసుకోకుండా చెయ్యి పెడితే తెలుస్తది" అన్నాడు. ముప్ఫై ఒకటి అయ్యాయి. ముప్ఫై రెండోది నోటి చివర ఉంది, పేరు రావట్లేదు. నుదురు కొట్టుకున్నాడు. ఈలోపు మొగలోంచి బోటు వచ్చింది, తట్టలు దించటానికి పిలిచారు. పేరు గుర్తొస్తే రేపు చెబుతానని, ఫజర్ తర్వాతే రమ్మని లేచి వెళ్ళాడు.